నాయన కాలు చెప్పిన రివ్యూ: నాలుగు రోజులు ఏడాస్ కారుతో

అందరికీ నమస్తే, తిరుపతి నుంచి. ముందే చెప్పేస్తున్నా, ఈ కారు షోరూం వాళ్లు నాలుగు రోజులకు ఇచ్చింది. పెట్రోలు కూడా వాళ్లదే. వాళ్ల దగ్గర నేను డబ్బులు మాత్రం తీసుకోలేదు. ఇంజిన్, డిక్కీ, సన్‌రూఫ్ అన్నీ మీరు పది వీడియోల్లో చూసే ఉంటారు, వదిలేద్దాం. ఏడాస్ అంటే డ్రైవర్‌కు సాయంగా కారే బ్రేకు వేసి, స్టీరింగ్ సర్దే సిస్టం. తనంతట తానే బ్రేకు వేసే కారును మనిషి ఎట్లా నమ్ముతాడు? నాకు అదొక్కటే కావాలి.

ఇది లెవెల్ 2. అంటే సాయం దానిది, బాధ్యత మనది. చేతులు స్టీరింగ్ మీదే ఉండాలి.

పక్క సీట్లో నాయనను కూర్చోబెట్టా. రేణిగుంట దగ్గర హైవే ఎక్కి, ముందు బండిని బట్టి తనే స్పీడు సర్దుకునే క్రూజ్ ఆన్ చేశానో లేదో, ఆయన కుడికాలు లేని బ్రేకును తొక్కడం మొదలుపెట్టింది. ముందు లారీ స్లో అయితే చాలు, తొక్కుడే. అప్పుడు మీటర్ దగ్గరున్న స్క్రీన్ చూపించా. ముందు లారీ, పక్కన బైకు, అన్నీ బొమ్మల్లాగా కదులుతుంటాయి. "ఓహో, దీనికి కనపడతా ఉందా!" అన్నాడు. చంద్రగిరి దాటేసరికి కాలు ఊరుకుంది. ఈ బొమ్మలకు నేను ఫిదా. అమెరికాలో డ్రైవర్ లేకుండా తిరిగే వేమో ట్యాక్సీల్లో కూడా, కారు ఏమేం చూస్తోందో లోపల కూర్చున్నవాళ్లకు స్క్రీన్ మీద చూపిస్తారు.

తిరుమల నుంచి మొదటి ఘాట్‌లో దిగుతుంటే ఇంకోటి గమనించా. మలుపు దగ్గరికొచ్చేసరికి, స్టీరింగ్‌కు కారు సాయం ఉందని స్క్రీన్ మీద చూపే గుర్తు పచ్చ రంగు పోయి బూడిద రంగులోకి మారుతుంది. నా వల్ల కాదు, నువ్వే చూసుకో అని. ఒప్పుకుంది కదా, గౌరవం పెరిగింది. కానీ చప్పుడే లేదు! నేను మలుపు చూడాలా, గుర్తు చూడాలా?

మూడో రోజు పూతలపట్టు దారిలో 80 మీద పోతుంటే, ఖాళీ రోడ్డులో దబీమని బ్రేకు వేసింది. స్క్రీన్ మీద ఒక్క బొమ్మ లేదు. ఎందుకు వేసిందో ఒక్క ముక్క లేదు. వెనక పాల వ్యాన్ ఆయన తిట్టిన తిట్లు ఎడిటింగ్‌లో తీసేశా. నాయన కాలు మళ్లీ మొదలు, ఇంటికొచ్చే దాకా ఆగలేదు.

నా పాత కారులో రివర్స్ సెన్సార్ ఇట్లాంటిదే. గడ్డిపరక కనిపించినా కూతే. రెండు నెలలకు వినడం మానేశా. మూడో నెల నిజంగానే వెనక కరెంటు స్తంభం ఉంది.

ఇంకో పక్క, దాన్నే నమ్మి అంతా కారుకే వదిలేసి కూర్చోకండి. 2018 మార్చిలో అరిజోనాలోని టెంపేలో, తనంతట తానే నడిచే ఉబర్ టెస్ట్ కారు రోడ్డు దాటుతున్న ఒకామెను గుద్ది చంపేసింది. సెన్సార్లు ఆమెను 5.6 సెకన్ల ముందే పట్టాయి. కాకపోతే ఇది వాహనమా, సైకిలా అని కారు మార్చి మార్చి అనుకుంటూనే ఉంది. కారును కనిపెట్టుకుని ఉండాల్సిన మనిషేమో ఫోన్ చూస్తోంది.

నా మార్కులు పదికి ఆరు. ఆ బొమ్మలు లేకుంటే నాలుగే. బ్రేకు ఎందుకు వేసిందో ఒక లైన్ రాసి చూపిస్తే, అప్పుడు ఎనిమిది ఇస్తా. కొనేవాళ్లు టెస్ట్ డ్రైవ్‌కి షోరూం చుట్టూ ఒక రౌండ్ వేయిస్తే ఒప్పుకోకండి. సాయంత్రం ఆరు దాటాక, ట్రాఫిక్‌లో రేణిగుంట రోడ్డుకు తీసుకెళ్లమనండి. పక్క సీట్లో ఇంట్లో పెద్దాయనను కూర్చోబెట్టుకోండి.