నీతి పద్యం కింద అడగవలసిన ప్రశ్న

సభాధ్యక్షులకు, మండలం నలుమూలల నుంచి వచ్చిన భాషోపాధ్యాయ మిత్రులకు, వెనుక వరుసల్లో కూర్చున్న శిక్షణ విద్యార్థులకు నమస్కారం. ఆగస్టు 29న, గిడుగు రామమూర్తి పంతులు గారి జయంతి నాడు, తెలుగు భాష గొప్పతనాన్ని గురించి మాట్లాడడం మనకు ఆనవాయితీ. ఆ పని నాకంటె చక్కగా చేయగలవారు ఈ వేదిక మీదే ఉన్నారు కనుక, నాకిచ్చిన సమయాన్ని మన ప్రశ్నపత్రంలోని ఒక చిన్న భాగానికే కేటాయిస్తాను. అవగాహన-ప్రతిస్పందన విభాగంలో ఒక నీతి పద్యమో నీతిని బోధించే పేరానో ఇచ్చి, దాని కింద మనం అడిగే ప్రశ్నలను గురించే నేను మాట్లాడదలచుకున్నాను. చదువుకునే పిల్లవాడు తనకు వచ్చిన భాషలో రాయగలగాలని పంతులుగారు వాదించారు. ఆ పిల్లవాడు తాను చదివిన దానిని చదివినట్లు రాసినప్పుడు మనం మార్కు వేస్తున్నామా లేదా అన్నదే నా ప్రశ్న.

మనందరికీ కంఠతా వచ్చిన సుమతీ శతక పద్యాన్నే తీసుకుందాం.

వినదగు నెవ్వరు చెప్పిన
వినినంతనె వేగపడక వివరింపదగున్
కనికల్ల నిజము దెలిసిన
మనుజుడె పో నీతిపరుడు మహిలో సుమతీ!

దీని కింద మనం సాధారణంగా అడిగే మొదటి ప్రశ్న "నీతిపరుడు ఎవరు?" అన్నది. జవాబుపత్రాలు దిద్దిన వారందరికీ తెలుసు, "అబద్ధం ఆడనివాడు", "ఇతరులకు సహాయం చేసేవాడు", "పెద్దలను గౌరవించేవాడు" అని ఎంతమంది పిల్లలు రాస్తారో. అవన్నీ మంచి మాటలే. కాని వాటిలో ఒక్కటి కూడా ఈ పద్యంలో లేదు. ఎవరు చెప్పినా వినాలని, విన్న వెంటనే తొందరపడకూడదని, విచారించి అబద్ధమేదో నిజమేదో తెలుసుకున్న మనిషే నీతిపరుడని పద్యం చెబుతున్నది. పిల్లవాడు పద్యం చదవకుండానే జవాబు రాశాడు, మనం కూడా పద్యం వైపు చూడకుండానే మార్కు వేశాం.

ఈ ఇబ్బంది నీతిని గురించిన పాఠ్యభాగానికే ప్రత్యేకంగా వస్తుంది. రామప్ప చెరువును గురించిన పేరా ఇచ్చి, దానిని ఎవరి కాలంలో తవ్వించారని అడిగితే పిల్లవాడు తప్పనిసరిగా పేరాలోకి వెళ్లి వెతుక్కోవాలి. నీతి విషయంలో ఆ అవసరమే అతనికి కలగదు. ఇంట్లో, బడిలో, ప్రార్థన సమావేశంలో విన్న మంచి మాటలన్నీ అతని దగ్గర సిద్ధంగా ఉంటాయి. ప్రశ్నలో "నీతి" అన్న మాట కనిపించగానే వాటిలో ఒకటి తీసి రాసేస్తాడు. అతడు మంచి పిల్లవాడే, అందులో సందేహం లేదు. పరీక్ష మాత్రం చదవడానికి పెట్టినది.

ఇప్పుడు నన్ను చాలా కాలంగా బాధపెడుతున్న ఒక సంగతి చెబుతాను. ఉన్నత పాఠశాలలో నా దగ్గర చదివిన ఒక అమ్మాయికి ఉమ్మడి పరీక్షలో ఇదే పద్యం వచ్చింది. రెండు మార్కుల ప్రశ్న: "మీరు ఎవరి మాటలు వింటారు? ఎందుకు?" ఆ అమ్మాయి ఇలా రాసింది: "నేను ఎవరు చెప్పినా వింటాను. మా నాన్న చెప్పినా, సారు చెప్పినా, మాకు పాలు పోసే అవ్వ చెప్పినా వింటాను. కాని వెంటనే నమ్మను, అడిగి తెలుసుకుంటాను. ఎందుకంటే పద్యంలో అలాగే ఉంది." జవాబు సూచికలో, అంటే కీలో, "తల్లిదండ్రులు, గురువులు, పెద్దల మాటలు వింటాను" అని ఉన్నది. జవాబుపత్రం దిద్దినవారు సున్న వేసి, పక్కన ఎర్ర సిరాతో "పెద్దలను నమ్మాలి" అని రాశారు. నేను ఆ జవాబుపత్రం తీసుకుని సంబంధిత అధికారుల దగ్గరకు వెళ్లాను. పద్యంలోని మొదటి పాదం చదివి వినిపించాను. కీలో ఉన్నదే ప్రమాణమని, ఒక్కరి కోసం మారిస్తే అందరికీ మార్చవలసి వస్తుందని చెప్పి పంపించారు. అందరికీ మార్చవలసిందేనని నేను అన్న మాటను ఎవరూ పట్టించుకోలేదు.

మిత్రులారా, రెండు మార్కులు పోయినందుకు కాదు నా బాధ. తరువాతి పరీక్షలో అలాంటి ప్రశ్నే మరొక పద్యం కింద వచ్చింది. ఆ అమ్మాయి ఈసారి "పెద్దల మాట వింటాను, ఎందుకంటే వారు మన మంచి కోరతారు" అని రాసింది. పూర్తి మార్కులు వచ్చాయి. తరగతిలో అందరికంటె జాగ్రత్తగా చదివే పిల్ల, చదవనక్కర లేదని మన దగ్గరే నేర్చుకున్నది. విన్న వెంటనే తొందరపడవద్దని చెప్పే పద్యాన్ని అడ్డం పెట్టుకుని, ఆ పద్యం చెప్పినట్లు చేసిన బిడ్డను మనం శిక్షించాం. ఇక్కడున్న మీలో ప్రతి ఒక్కరూ ఏదో ఒక రోజు కీ తయారు చేసేవారే, ఏదో ఒక రోజు ఎర్ర పెన్ను పట్టుకునేవారే. అందుకే ఈ మాట మీ ముందు చెబుతున్నాను.

ఇది మన దగ్గరే పుట్టిన సమస్య కాదు. అమెరికాలో కొలంబియా విశ్వవిద్యాలయానికి చెందిన ఎడ్వర్డ్ థార్న్‌డైక్ 1917లో పేరాలు చదివి జవాబులు రాసే పిల్లలు ఎక్కడ, ఎందుకు పొరబడుతున్నారో పరిశీలించి ఒక వ్యాసం ప్రచురించారు. ఆయన ఇచ్చిన పేరా చాలా చిన్నది: ఫ్రాంక్లిన్ అనే చోట ఏడేళ్ల నుంచి పద్నాలుగేళ్ల మధ్య వయసు పిల్లలందరూ బడి జరిగే ప్రతి రోజూ రావాలని, బడికి రాలేనంత జబ్బు చేసినా, ఇంట్లో ఎవరికైనా అంటువ్యాధి ఉన్నా, దారులు నడవడానికి వీలులేకుండా ఉన్నా మినహాయింపు ఉంటుందని అందులో ఉన్నది. ఈ పేరా దేని గురించి అని అడిగితే కొందరు పిల్లలు "ఫ్రాంక్లిన్" అని ఊరుకున్నారు. పేరాలో కొట్టొచ్చినట్లు కనిపించిన ఒక మాట మిగిలిన మాటలన్నిటినీ మింగేసిందన్నమాట. చదవడమంటే ఒక్కొక్క మాటకు ఎంత విలువ ఇవ్వాలో తూచుకుంటూ ఆలోచించడమేనని ఆయన తేల్చారు. మన పిల్లల విషయంలో "నీతి" అన్న మాట చేస్తున్న పనీ అదే.

మరొక పద్యం చూడండి. ఉపకారికి ఉపకారం చేయడం విపరీతం కాదని, అపకారికి కూడా నెపమెన్నక ఉపకారం చేసేవాడే నేర్పరి అని సుమతీ శతకంలోనే ఉంది. "మేలు చేసినవారికి తిరిగి మేలు చేయడం గురించి కవి ఏమన్నాడు?" అని అడిగి చూడండి. "అది చాలా గొప్ప గుణం అన్నాడు" అని రాసేవారే ఎక్కువ. అందులో విశేషమేమీ లేదని కవి స్పష్టంగా చెప్పినా, కృతజ్ఞత గొప్పదని మనం నేర్పిన పాఠం ముందు కవి మాట వినిపించదు. కవి చెప్పినది సరిగ్గా రాసిన పిల్లవాడికి కృతజ్ఞత లేదని మనం అనుకుంటే, అతనికి మనం చేసేది అన్యాయం.

2011 రాష్ట్ర విద్యాప్రణాళిక చట్రం తరువాత వచ్చిన వాచకాల్లో అవగాహన-ప్రతిస్పందనను ఒక సామర్థ్యంగా పెట్టారు, పిల్లలు సొంత మాటల్లో రాయాలన్నారు. అది మంచి మార్పు, నేను దానిని మనస్ఫూర్తిగా స్వాగతించినవాడిని. అయితే "ప్రతిస్పందన" అని పేరు పెట్టి, ఆ ప్రతిస్పందన ఏమై ఉండాలో కీలో ముందే రాసిపెట్టడం ఆ మార్పును వెనక్కు తిప్పడమే. గ్రామాల్లో పిల్లల చదువు స్థాయిని ఇంటింటికీ వెళ్లి పరీక్షించే అసర్ సర్వే 2022 నివేదిక ప్రకారం దేశంలోని గ్రామీణ ప్రాంతాల ఐదో తరగతి పిల్లల్లో రెండో తరగతి స్థాయి పాఠం చదవగలిగినవారు 42.8 శాతమే. ఆ లెక్క తేలినది గట్టిగా చదివించి. చదివినది అర్థమయిందా అన్న పరీక్ష దాని తరువాతి మెట్టు. అంత కష్టపడి ఆ మెట్టు ఎక్కిన పిల్లలను మనం కిందికి దించకూడదు.

నీతి బోధించడం తెలుగు మాష్టారి పని కాదా అని కొందరు పెద్దలు నన్ను అడిగారు. తప్పకుండా మన పనే, దానికి తరగతి గదిలో ఏడాదంతా మనకు అవకాశం ఉంది. పరీక్షలో మాత్రం రెండు రకాల ప్రశ్నలను విడదీసి అడగాలి. కవి ఏమన్నాడు అన్నది ఒకటి. దానికి జవాబు పద్యంలో చూపించగలగాలి, ఎంత మంచి మాటైనా పద్యంలో లేకపోతే మార్కు ఇవ్వకూడదు. కవి మాటతో నీవు ఏకీభవిస్తావా అన్నది రెండవది. దానికి ఒకే జవాబు ఉండదు, పిల్లవాడు చూపిన కారణం పద్యాన్ని ఆధారం చేసుకున్నదా లేదా అన్నదే చూడాలి. "అపకారికి ఉపకారం చేయడం నాకు సరి అనిపించదు, అతడు మళ్లీ ఇంకొకరికి అపకారం చేస్తాడు" అని రాసిన పిల్లవాడికి పూర్తి మార్కులు ఇవ్వడానికి మన చేయి వణకకూడదు. బహుళైచ్ఛిక ప్రశ్నలైతే ఒక పని చేయండి: పద్యం తీసేసి ప్రశ్నలు, జవాబులు మాత్రం పక్క సెక్షన్ పిల్లలకు ఇవ్వండి. పద్యం చూడకుండానే ఎక్కువమంది సరైన జవాబు గుర్తించిన ప్రశ్న ఏదైనా ఉంటే దానిని కొట్టేసి మరొకటి రాయండి. నాలుగు జవాబుల్లో ఒక్కటే మంచి మాటగా, మిగిలిన మూడూ చెడ్డ మాటలుగా ఉంటే అది చదువును పరీక్షించే ప్రశ్న కాదు. నాలుగూ మంచి మాటలే అయి, వాటిలో కవి చెప్పినది ఒక్కటే అయినప్పుడు పిల్లవాడు పద్యం వైపు తిరిగి చూస్తాడు.

మీ బల్లల మీద ఒక్కొక్క కాగితం పెట్టించాను. దాని మీద "వినదగు" పద్యం ఉంది, కింద ప్రశ్నలు లేవు. త్రైమాసిక పరీక్షల ప్రశ్నపత్రాలు తయారు చేసే సమయం దగ్గర పడింది కనుక, భోజనానికి లేచే లోపల ప్రతి బల్లవారూ మాట్లాడుకుని, పద్యం చదవనిదే జవాబు రాయలేని ప్రశ్న ఒకటి, ఏకీభవించని పిల్లవాడికి కూడా మార్కు వచ్చే ప్రశ్న ఒకటి రాయండి. మధ్యాహ్నం సమావేశంలో వాటన్నిటినీ బయటికి చదివి, ఏవి నిలబడతాయో ఏవి నిలబడవో మనమే తేల్చుకుందాం. అధ్యక్షులు ఇందుకు సమయం ఇస్తామన్నారు, వారికి నా కృతజ్ఞతలు.