బంతి తన వైపు రానప్పుడు వాడు ఏం చేస్తున్నాడు?

సభకు నమస్కారం. వేదిక మీది పెద్దలకు, పొద్దుటి నుంచి వంటల దగ్గరే నిలబడ్డ వలంటీర్లకు, పిల్లల్ని వెంటబెట్టుకొచ్చిన తల్లిదండ్రులకు కృతజ్ఞతలు. టెక్సస్‌లోని ఫ్రిస్కోలో శనివారం సాయంత్రం ఇంతమందిని ఒకచోట కూర్చోబెట్టడం ఎంత కష్టమో నిర్వాహకులకే తెలుసు. వాళ్లు నాకిచ్చింది నలభై నిమిషాలు. సూటిగా మొదలుపెడతాను.

అంశం అమెరికన్ ఫుట్‌బాల్‌లో హైస్కూల్ రిసీవర్. కొత్తగా వచ్చిన తల్లిదండ్రుల కోసం రెండు మాటలు. క్వార్టర్‌బ్యాక్ విసిరిన బంతిని పరుగెత్తి అందుకునేవాడు రిసీవర్. వాడిని అడ్డుకునేవాడు కార్నర్‌బ్యాక్, క్లుప్తంగా కార్నర్. బంతి కాళ్ల మధ్య నుంచి వెనక్కి అంది ఆట కదిలే క్షణం స్నాప్. ఈ మూడు మాటలు గుర్తుంటే చాలు.

మన అభిమానులం ఏం చేస్తున్నాం? ఏ కాలేజీ జట్టు మనదో ఆ జట్టుకు ఒక కుర్రాడు సరే అన్నాడని తెలియగానే ఆటల వీడియోలు పెట్టే హడల్ సైట్‌లో వాడి మూడు నిమిషాల వీడియో చూస్తాం. అందులో పాతిక క్యాచ్‌లుంటాయి. రేటింగ్ సైట్లు వాడికిచ్చింది నాలుగు నక్షత్రాలైతే ఎగిరి గంతేస్తాం. మూడైతే ‘వీడెందుకు మనకు’ అని రాసేస్తాం, అదీ నేరుగా వాడి ఖాతా కిందే. పదిహేడేళ్ల పిల్లవాడండీ! వాడు చదువుతాడు, వాళ్లమ్మ చదువుతుంది. దయచేసి ఆ పని మానండి. ఇంకోసారి చెబుతున్నాను, మానండి. విమర్శించాలంటే ఆటను విమర్శించండి. అందుకు ముందు ఆట చూడాలి. మూడు నిమిషాల వీడియోలో ఆట ఉండదు. వాడు బంతి వదిలేసింది ఉండదు, పక్కవాడి కోసం అడ్డు నిలవాల్సినచోట ఊరికే నిలబడింది ఉండదు.

నక్షత్రాలు ఉత్తవని నేననను. రేటింగ్ సైట్ 247స్పోర్ట్స్ ఐదు నక్షత్రాలు ఇచ్చేది ఏటా సుమారు 32 మందికి. ప్రొఫెషనల్ లీగ్ ఎన్‌ఎఫ్‌ఎల్ కాలేజీ ఆటగాళ్లను ఎంచుకునే డ్రాఫ్ట్ మొదటి రౌండ్‌లో 32 ఎంపికలుంటాయి కాబట్టి ఆ లెక్క. ఐదు నక్షత్రాల వాళ్లు ఎన్‌ఎఫ్‌ఎల్‌కు చేరే పాళ్లు మూడు నక్షత్రాల వాళ్లకంటే ఎక్కువే. కానీ కూపర్ కప్ అనే రిసీవర్‌కు హైస్కూల్ అయ్యేనాటికి వచ్చిన స్కాలర్‌షిప్ ఆఫర్లు రెండే రెండు. ఈస్టర్న్ వాషింగ్టన్ యూనివర్సిటీకి వెళ్లాడు. డ్రాఫ్ట్‌కు ముందు ఆటగాళ్లను పరీక్షించే 2017 కంబైన్‌లో నలభై గజాలు 4.62 సెకన్లలో పరిగెత్తాడు, రిసీవర్‌కు అది నెమ్మదే. అదే మనిషి 2021 సీజన్‌లో 145 క్యాచ్‌లు, 1,947 గజాలు, 16 టచ్‌డౌన్లతో, అంటే బంతిని చివరి గీత దాటించిన స్కోర్లతో, మూడింటిలోనూ లీగ్‌లో మొదటి స్థానంలో నిలిచాడు. మరో రిసీవర్ జస్టిన్ జెఫర్సన్ లూసియానా స్టేట్ యూనివర్సిటీ, అంటే ఎల్‌ఎస్‌యూలో తొలి ఏడాది, 2017లో, ఒక్క క్యాచ్ కూడా పట్టలేదు. 2019కి వచ్చేసరికి 111 క్యాచ్‌లు, 1,540 గజాలు, 18 టచ్‌డౌన్లు. మొదటి ఏడాదే పేరు తెచ్చుకోలేదని మనం ఎంతమందిని కొట్టిపారేశామో ఆలోచించండి.

నలభై గజాల మాట వచ్చింది కాబట్టి అది తేల్చాకే ముందుకు వెళతాను. మనవాళ్లు ఎక్కువ మోసపోయేది అక్కడే. ‘మా వాడు 4.4’ అంటారు. ఎవరు తీశారు? చేతిలో స్టాప్‌వాచ్ పట్టుకున్న కోచ్. కుర్రాడు కదిలిన తర్వాత కోచ్ కన్ను చూడాలి, ఆ తర్వాత బొటనవేలు నొక్కాలి. అక్కడ సుమారు 0.2 సెకను పోతుంది. చివర్లో మాత్రం గీత దగ్గరికి వస్తున్నాడని ముందే తెలుసు కాబట్టి వేలు సిద్ధంగా ఉంటుంది. మొదట్లో ఆలస్యం, చివర్లో ఆలస్యం లేదు. అందుకే చేతి టైము ఎప్పుడూ అసలుకంటే తక్కువ చూపిస్తుంది. ట్రాక్ పోటీల్లో 100 మీటర్ల చేతి టైముకు 0.24 కలపడం వాడుక. మన 4.4కి అంతే కలిపితే 4.64. అంటే ఆ కుర్రాడు కూపర్ కప్‌లాంటి వాడు. అందులో తప్పేమీ లేదు. ఆ వేగానికి తగ్గట్టు మిగతా పనితనం ఉందా అన్నదే ప్రశ్న.

నిజమైన వేగం ఎలా తెలుస్తుంది? వసంతంలో ఆ కుర్రాడు ట్రాక్‌లో పరుగెత్తితే ఎలక్ట్రానిక్ టైము దొరుకుతుంది. 100 మీటర్లు చూడండి, పక్కనే గాలి అంకె చూడండి. వెనకగాలి సెకనుకు 2.0 మీటర్లు దాటితే ఆ టైము రికార్డు లెక్కకు రాదు. 10.7 లోపు, గాలి పరిమితిలో, ఒకటికి రెండు పోటీల్లో వచ్చిందంటే వేగం ఉన్నట్టే. ట్రాక్‌లో లేడా? ఇంట్లోనే కొలవచ్చు. మైదానంలో ప్రతి 5 గజాలకు గీత ఉంటుంది. వాడు పూర్తి వేగం అందుకున్నాక 20 గజాలు, అంటే నాలుగు గీతల ఎడం, దాటడానికి వీడియోలో ఎన్ని ఫ్రేములు పట్టిందో లెక్కపెట్టండి. సెకనుకు 30 ఫ్రేముల వీడియోలో 60 ఫ్రేములు పడితే రెండు సెకన్లు, అంటే గంటకు 20 మైళ్లకు కాస్త పైన. ప్యాడ్లు వేసుకుని ఆ వేగం అంటే గట్టి వేగమే. 66 ఫ్రేములైతే 18.6 మైళ్లు. రెండు జాగ్రత్తలు. అడ్డంగా కాకుండా తిన్నగా పరుగెత్తిన పరుగే కొలవాలి. స్కోర్‌బోర్డు గడియారం కనబడితే దాని సెకన్లతో వీడియో సెకన్లు పోల్చాలి, ఎందుకంటే కొన్ని వీడియోలు వేగం పెంచి పెడతారు.

ఇక్కడే సగం సమయం అయిపోయిందని నిర్వాహకులు సైగ చేస్తున్నారు. రాసుకొచ్చిన క్రమం పక్కన పెట్టి అసలు చెప్పాలనుకున్నదానికి వస్తాను.

పూర్తి ఆట ఒకటి సంపాదించండి. గెలుపు తేలికైన ఆట వద్దు, గట్టి ప్రత్యర్థితో ఆడింది కావాలి. ఒక కాగితం తీసుకోండి. ప్రతి స్నాప్‌కు ఒక వరుస. వాడు ఎక్కడ నిలబడ్డాడు, కార్నర్ ఎంత దూరంలో ఉన్నాడు, మొదటి మూడు అడుగులు ఎలా పడ్డాయి, ఎక్కడ మలుపు తీసుకున్నాడు, బంతి తనకు రానప్పుడు ఏం చేశాడు. బంతి వెంట కన్ను పరుగెత్తుతుంది, పరుగెత్తనివ్వకండి. మొదటిసారి బంతి చూడండి, రెండోసారి వాడి కాళ్లు మాత్రమే చూడండి.

కార్నర్ ఏడెనిమిది గజాల దూరం నిలబడితే రిసీవర్ పని సులువు. హైస్కూల్లో చాలామంది కార్నర్లు అలాగే నిలబడతారు, వెనక్కి దాటిపోతాడన్న భయంతో. కాలేజీలో ముఖం మీదికొచ్చి నిలబడతారు. ప్రొఫెషనల్ ఆటలో స్నాప్ గీతకు 5 గజాలు దాటాక రిసీవర్‌ను తాకి అడ్డుకోకూడదన్న నియమం ఉంది. కాలేజీలో ఆ హద్దు లేదు. కాబట్టి ముందుకొచ్చి నిలబడ్డ స్నాప్‌లు ఆటలో ఆరే ఉన్నా ఆ ఆరే మీకు బంగారం. కబడ్డీ చూసినవాళ్లకు ఇది వెంటనే అర్థమవుతుంది. కూతకెళ్లిన ఆటగాడు భుజం ఒకవైపు చూపి కాలు మరోవైపు వేస్తాడు, పట్టేవాడి బరువు ఏ కాలి మీద ఉందో చూసి కదులుతాడు. రిసీవర్ చేసేదీ అదే. చెయ్యి తగిలితే కొట్టి తప్పించుకుంటున్నాడా, లేక పక్కకు వంగి దారి వదిలేస్తున్నాడా? దారి వదిలేసి బయటి గీత వైపు నెట్టించుకునేవాడికి క్వార్టర్‌బ్యాక్ బంతి వేయలేడు. గీతకు కనీసం 4, 5 గజాలు మిగిలితేనే బంతి పడటానికి చోటు.

తర్వాత ఆగడం. పరుగు అందరికీ కనబడుతుంది, ఆగడం ఎవరూ చూడరు. 12 గజాలు వెళ్లి వెనక్కి తిరగాల్సిన రూట్‌లో పూర్తి వేగం నుంచి ఎన్ని అడుగుల్లో ఆగాడు? నడుము దించి మూడు అడుగుల్లో ఆగినవాడు కాలేజీలో ఖాళీ సంపాదిస్తాడు. ఛాతీ పైకి లేచి, ఐదారు చిన్న అడుగులు వేస్తే కార్నర్‌కు ముందే చెప్పినట్టు. హైస్కూల్లో అలా ఆగినా క్యాచ్ పడుతుంది, వీడియోలో అద్భుతంగా ఉంటుంది. కాలేజీలో అదే బంతిని కార్నర్ ఎత్తుకుపోతాడు.

చేతుల సంగతి. ఛాతీ పైన వచ్చే బంతికి బొటనవేళ్లు దగ్గరగా, నడుము కింద వచ్చేదానికి చిటికెన వేళ్లు దగ్గరగా ఉండాలి. బంతిని గుండెకు హత్తుకుని పట్టే అలవాటు ఉంటే రాసుకోండి. గట్టిగా విసిరిన బంతి ప్యాడ్ మీద తగిలి ఎగురుతుంది, అదొకటి. రెండోది, బంతి ఒంటి దాకా వచ్చేలోపు వెనకవాడి చెయ్యి అడ్డుపడుతుంది.

అంకెలు చూసేవాళ్లకు ఒక్క మాట. 800 గజాలు అంటే ఏమీ తెలియదు. జట్టు మొత్తం పాస్‌లలో 2,000 గజాలు వస్తే అందులో 800 అంటే 40 శాతం, అది పెద్ద భారం. జట్టు 4,000 గజాలు విసిరితే 20 శాతమే. క్వార్టర్‌బ్యాక్ గతి తప్పి విసిరే జట్టులో తక్కువ అంకెలున్నవాడిని వదిలేయకండి. వసంతంలో జట్టుకు ఏడుగురే ఆడే సెవెన్ ఆన్ సెవెన్ ఆటలను మాత్రం సగం నమ్మండి. అక్కడ ప్యాడ్లు ఉండవు, పడదోయడం ఉండదు, క్వార్టర్‌బ్యాక్ మీదికి దూకే ఎదుటివాళ్ల వరుస ఉండదు.

ఒళ్లు సన్నగా ఉందని భయపడేవాళ్లకు డెవొంటా స్మిత్ పేరు చాలు. సుమారు 170 పౌండ్ల మనిషి, అలబామా యూనివర్సిటీ జట్టుకు 2020లో 117 క్యాచ్‌లు, 1,856 గజాలు, 23 టచ్‌డౌన్లు తెచ్చి, కాలేజీ ఆటలో అత్యుత్తమ ఆటగాడికిచ్చే హైస్మన్ ట్రోఫీ గెలిచాడు. 1991 తర్వాత రిసీవర్‌కు అది రావడం అదే మొదలు. బరువు కంటే పుట్టిన తేదీ అడగండి. ఒకే తరగతిలో ఒకడు ఏడాదిన్నర పెద్దవాడై ఉండొచ్చు. పదహారున్నరేళ్లవాడు పద్దెనిమిదేళ్లవాళ్ల మధ్య నిలబడి ఆడుతుంటే వాడి ఎదుగుదల ఇంకా మిగిలే ఉంది.

అమ్మలూ, నాన్నలూ, మీరు చేతులెత్తక్కర్లేదు, మనసులో చెప్పుకోండి. మీ ఇంటి కుర్రాడి గురించి ఎవరైనా మూడు నిమిషాలు చూసి తీర్పు రాస్తే మీకెలా ఉంటుంది?

లైట్లు తీయమని అడిగాను. తెర మీదికి ఒక ఆటలోని మూడో క్వార్టర్ వస్తుంది. కుర్రాడి పేరు చెప్పను, ఊరు చెప్పను. ఎడమ చివర నిలబడ్డవాడు. మొదటి స్నాప్ పరుగు ఆట, అంటే బంతి విసరకుండా పట్టుకుని పరుగెత్తేది, బంతి కుడివైపు వెళ్లిపోతుంది. అటు చూడకండి. ఎడమ చివరే చూడండి. వాడు ఎదుటివాడి ఛాతీ మీద రెండు చేతులు ఆనించి, కాళ్లు ఆపకుండా, విజిల్ దాకా నెడుతున్నాడో లేదో కాగితం మీద రాయండి. పెన్నులు వెనక బల్ల మీదున్నాయి.