రొయ్యల గుంట దొంగకి జైలా, చీపురా?

నమస్తే అండీ. మన నెల్లూరు జిల్లాలో ఇందుకూరుపేట, ముత్తుకూరు వైపు రొయ్యల గుంటలు చేసే వాళ్లని కదిపి చూడండి. వైరస్ భయం ఒకటైతే, రాత్రిపూట ఏరేటర్ల (గుంట నీళ్లలో గాలి కలిపే మిషన్ల) కాపర్ వైరు కోసుకుపోయేవాళ్ల భయం ఇంకొకటి.

అలాంటి కుర్రాడొకడు దొరికాడనుకుందాం. ఇరవై ఏళ్లు. ఇంతకుముందు ఏ కేసులోనూ శిక్ష పడలేదు. వైరు విలువ 4,000. తిరిగి ఇచ్చేశాడు. 2024 జూలై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ న్యాయ సంహిత 303 సెక్షన్ ప్రకారం ఇతనికి జైలు లేదు. 5,000 లోపు దొంగతనం, మొదటిసారి, సొత్తు వెనక్కి ఇచ్చాడు కాబట్టి సమాజ సేవ చేయమంటారు. అంటే కోర్టు చెప్పిన చోట జీతం లేకుండా నలుగురికీ పనికొచ్చే పని చేయాలి. ఆస్పత్రి ఆవరణ ఊడ్చడమో, మొక్కలకి నీళ్లు పట్టడమో.

రైతుకి కడుపు మండదా? మండుతుంది. తెల్లవారుజామున నీళ్లలో ఆక్సిజన్ పడిపోతుంది. సరిగ్గా ఆ టైములో ఏరేటర్ ఆగిందంటే రొయ్య తేలిపోతుంది. పోయిన వైరు నాలుగు వేలదే, పోయిన పంట లక్షల్లో. చట్టం చూసేది మాత్రం దొంగిలించిన వస్తువు విలువని. శిక్ష ఖరారు చేసే ముందు ముద్దాయిని అడుగుతారు, రైతుని పిలిచి "నీకేం పోయింది నాయనా" అని అడగడం దాదాపు ఉండదు. రైతు కోపంలో న్యాయం ఉంది, కాదనను.

ఇందులో ఇంకో తమాషా ఉంది. గట్టు మీద వైరు కోస్తే 303. అదే వైరు చుట్టని మోటారు షెడ్డులోంచి తీస్తే, సామాను భద్రపరిచే కట్టడంలో దొంగతనం అని 305 పెట్టొచ్చు. దానికి ఏడేళ్ల దాకా శిక్ష, సమాజ సేవ ఊసే లేదు. కుర్రాడు అదే, వైరు అదే. స్టేషన్లో ఫిర్యాదు ఎలా రాశారన్న దాన్నిబట్టి చీపురో, చెముడుగుంట జైలో తేలుతుంది. నాకు ఇబ్బంది ఇక్కడే. దయ చూపడం తప్పని నేను అనను. అది ఎవరికి ఎందుకు దక్కిందో అర్థం కాకపోవడమే తప్పు.

హైవే మీదికి రండి. సుప్రీంకోర్టు 2015లో తీర్పు ఇచ్చిన పంజాబ్ కేసు ఒకటుంది. కారు నడిపినాయన అజాగ్రత్తకి ఇద్దరు చనిపోయారు. కింది కోర్టు ఏడాది జైలు వేసింది. హైకోర్టు ఏం చేసింది? 85,000 నష్టపరిహారం కట్టాడు కదా, జైల్లో ఉన్న 24 రోజులు చాల్లే అంది. రెండు ప్రాణాలకి 24 రోజులు! సుప్రీంకోర్టు అది కుదరదని ఆరు నెలలు చేసింది. నెల్లూరు నుంచి ఒంగోలు దాకా పదహారో నంబరు హైవే పక్కన ఊళ్లున్న మనకి ఈ లెక్క బాగా తెలుసు. డబ్బున్నవాడి దయ చెక్కు రూపంలో వస్తుంది.

ఇక ఒంగోలు. 2008లో లారీ డ్రైవర్లనీ క్లీనర్లనీ చంపి సరుకు అమ్ముకున్న మున్నా గ్యాంగ్ కేసులో, 2021 మేలో ఒంగోలు కోర్టు ఒకేసారి 12 మందికి ఉరిశిక్ష వేసింది. అంత ఘోరానికి ఇంకేం వేస్తారు అంటారు, సరే. కానీ మరుసటి ఏడాదే సుప్రీంకోర్టు ఇంకో కేసులో ఒక మాట స్పష్టంగా చెప్పింది. ఉరి వేయాలా వద్దా అని తేల్చే ముందు మనిషి మానసిక స్థితి ఏంటి, జైల్లో ఎలా ఉన్నాడు అన్న రిపోర్టులు విచారణ కోర్టు స్థాయిలోనే తెప్పించుకోవాలని. పన్నెండు మంది అంటే పన్నెండు జీవితాలు విడివిడిగా చూడాలి. ఎంత చెడ్డవాళ్లైనా సరే.

అసలు మన కోర్టుల్లో శిక్ష మీద వాదన ఎలా జరుగుతుందో చూశారా? నేరం రుజువైంది, ఏమైనా చెప్పుకుంటావా అంటారు జడ్జి గారు. "ముసలి తల్లిదండ్రులున్నారయ్యా, పిల్లలు చిన్నోళ్లయ్యా, నేనే దిక్కయ్యా" అంటాడు ముద్దాయి. "లీనియంట్ వ్యూ తీసుకోండి సార్" అంటారు లాయర్ గారు. చాలా కేసుల్లో అంతే, రెండు నిమిషాల పని. ఏ నేరానికి ఏది బరువు, ఏది తేలిక అని జడ్జిలకి మార్గదర్శకాలు తయారుచేయాలని నేర న్యాయ వ్యవస్థని బాగుచేయడానికి కేంద్రం వేసిన మళిమఠ్ కమిటీ 2003లోనే చెప్పింది. ఇప్పటికీ రాలేదు.

అవి వచ్చేలోపు ఉన్న చట్టమైనా వాడుకోవచ్చు. 1958 నాటి ప్రొబేషన్ చట్టం ఉంది. ప్రొబేషన్ అంటే జైలుకి పంపకుండా, బుద్ధిగా ఉంటానన్న హామీ మీద వదిలిపెట్టడం. యావజ్జీవం దాకా పోని నేరాల్లో ఇరవై ఒక్క ఏళ్ల లోపు వాళ్లని జైలుకి పంపాలంటే ఎందుకో జడ్జి గారు కారణం రాయాలి. అంతకు ముందు ప్రొబేషన్ ఆఫీసర్ రిపోర్టు తెప్పించుకోవాలి. చాలామంది పిల్లలకి ఈ సంగతే తెలీదు. "ఒప్పేసుకో, ఫైనుతో పోద్ది" అని పక్కనోళ్లు చెప్తారు. వాడు ఒప్పేసుకుంటాడు, ఫైను కట్టి ఇంటికొస్తాడు, తర్వాత ఉద్యోగానికి పోతే ఆ శిక్ష అడ్డం పడుతుంది. అదే ప్రొబేషన్ మీద వదిలిపెడితే, శిక్ష వల్ల వచ్చే అనర్హత అంటదని ఆ చట్టంలోనే పన్నెండో సెక్షన్ చెబుతోంది. మీ వీధిలో ఎవరి పిల్లాడికైనా ఈ పరిస్థితి వస్తే, ఒప్పుకునే ముందే ప్రొబేషన్ సంగతి లాయర్ని గట్టిగా అడగండి. లాయర్ని పెట్టుకునే స్తోమత లేకపోతే 15100కి ఫోన్ చేయండి, అది న్యాయసేవా సంస్థ నంబరు.