ఫర్మ్‌వేర్ ఫైలుకి నంబరు ఎలా పెట్టాలి, అప్‌డేట్ ఎలా ఇవ్వాలి?

[తెర మీద ఒక ఫోల్డరు: అప్‌డేట్_న్యూ, అప్‌డేట్_ఫైనల్, అప్‌డేట్_ఫైనల్_2]

నమస్కారం. ఇవి ఫర్మ్‌వేర్ ఫైళ్ళు, అంటే డివైస్ లోపల ఉండి దాన్ని నడిపించే ప్రోగ్రాములు. ఈ మూడింటిలో ఏది కొత్తది? ఏది ఏ బోర్డుకి? ఫైలు పంపినవాళ్ళకి తెలిసే ఉంటుంది. కానీ దాన్ని ఎక్కించేది గుంటూరులోనో, బెజవాడలోనో సీసీ కెమెరాల షాపులో పనిచేసే ఒక టెక్నీషియన్. కస్టమరు ఎదురుగా కూర్చుని ఉంటాడు. తప్పు ఫైలు ఎక్కితే, కెమెరాల వీడియో రికార్డు చేసే ఆ డీవీఆర్ మళ్ళీ ఆన్ కాకపోవచ్చు. ఆ టెన్షన్ అంతా అతని మీద పడుతుంది. డివైస్‌లు తయారుచేస్తున్నవాళ్ళూ, వాటికి కోడ్ రాస్తున్నవాళ్ళూ, ఈ వీడియో మీ కోసం.

ముందు నంబరు సంగతి. 2.4.1 అని మూడు భాగాలుగా రాసే పద్ధతి చాలామందికి తెలుసు. చివరిది పెరిగితే తప్పు దిద్దారని, మధ్యది పెరిగితే కొత్త సౌకర్యం వచ్చిందని, మొదటిది పెరిగితే పాతదానితో పొసగని మార్పు జరిగిందని అర్థం. మీరు పొలం మోటార్లకి మొబైల్ స్టార్టర్ చేస్తున్నారనుకోండి. కొత్త ఫర్మ్‌వేర్ ఎక్కిస్తే రిజిస్టర్ చేసిన ఫోన్ నంబర్లు చెరిగిపోతాయంటే, దాన్ని 2.4.2 అని పంపకండి. 3.0.0 అనండి. లేకపోతే తెనాలి వైపు ఒక రైతు రాత్రిపూట కాల్ చేస్తే మోటారు ఆన్ కాదు, ఎందుకో ఆయనకి తెలీదు.

[తెర మీద: 1.9, 1.10]

ఇప్పుడు చెప్పండి, రెండింటిలో ఏది కొత్తది? దశాంశంలా చదివితే 1.9 పెద్దదనిపిస్తుంది. గుంటూరు బ్రాడీపేటలో అడ్రసు వెతికినవాళ్ళు ఇక్కడ పొరపడరు. 4/9 అంటే నాలుగో లైను, తొమ్మిదో అడ్డరోడ్డు. దాని తర్వాత వచ్చేది 4/10. వెర్షన్లో కూడా ప్రతి భాగమూ విడి సంఖ్యే. మీ కోడు వీటిని అక్షరాల వరసలా పోలిస్తే 1.10ని పాతదనుకుని వదిలేస్తుంది. భాగాలు విడదీసి, సంఖ్యలుగా పోల్చండి.

విండోస్ డ్రైవర్ల (కంప్యూటరు ఒక పరికరంతో పనిచేయడానికి కావలసిన ప్రోగ్రాముల) దగ్గర తేదీ కూడా లెక్కలోకి వస్తుంది. ఒక డివైస్‌కి రెండు డ్రైవర్లు సమానంగా సరిపోతే విండోస్ ముందు తేదీ చూస్తుంది, అదీ ఒకటే అయితేనే వెర్షన్ చూస్తుంది. తేదీ వెనక్కి ఉంటే నంబరు ఎంత పెంచినా లాభం లేదు. ఇంటెల్ చిప్‌సెట్ డ్రైవర్లలో 1968 జూలై 18 అని కనిపిస్తుంది. అది ఆ కంపెనీ పుట్టిన రోజు. ఈ సాధారణ డ్రైవరు, ఆ పరికరానికే ప్రత్యేకంగా ఉన్న డ్రైవర్ని పక్కకి నెట్టకూడదని కావాలనే అంత పాత తేదీ వేశారు. అయితే కారణం తెలియనివాళ్ళు అది చూసి కంగారుపడతారు. ఇలాంటిదేదైనా మీరు చేస్తే కారణం పక్కనే రాయండి.

నాకు అన్నిటికంటే ముఖ్యమనిపించేది నోట్, అంటే అప్‌డేట్‌తో పాటు ఏం మారిందో, ఎందుకో రాసి ఇచ్చే వివరణ. 2019 నవంబరులో హ్యూలెట్ ప్యాకార్డ్ ఎంటర్‌ప్రైజ్ తన కొన్ని సాస్ ఎస్ఎస్‌డీల (సర్వర్లలో డేటా దాచే డ్రైవుల) గురించి ఒక హెచ్చరిక ఇచ్చింది. ఫర్మ్‌వేర్ అప్‌డేట్ ఎక్కించకపోతే, 32,768 గంటలు పనిచేయగానే ఆ డ్రైవు ఆగిపోతుంది, అందులోని డేటా తిరిగి రాదు. అంటే 3 సంవత్సరాల 270 రోజుల 8 గంటలు. సర్వర్లో డ్రైవులన్నీ ఒకేరోజు పెట్టి ఉంటే, దాదాపు అన్నీ ఒకేసారి పోతాయి. ఒక డ్రైవు పోయినా డేటా నిలిచేలా అమర్చే రెయిడ్ ఉన్నా కాపాడలేదు. ఆ హెచ్చరికలో ఏయే మోడళ్ళు, ఏ వెర్షన్‌తో ఆ తప్పు సరవుతుంది (హెచ్‌పీడీ8), ఎక్కించకపోతే ఏమవుతుంది, అన్నీ విడమరిచి రాశారు. అదే అప్‌డేట్‌కి 'చిన్న మార్పులు, పనితీరు మెరుగుదల' అని రాసి ఊరుకుంటే ఎవరు పట్టించుకుంటారు? నడుస్తున్న సర్వర్ని ఎవరు ఆపుతారు?

ఇంకొకటి, బోర్డు. పైన పేరు ఒకటే, లోపల చిప్ వేరే ఉండొచ్చు. అందుకే రౌటర్ల అడుగున లేబుల్ మీద వీ1, వీ2 అని ఉంటుంది. ఆ గుర్తు ఫైలు పేరులో ఉండాలి. అంతకంటే ముఖ్యం, ఫైలు లోపల కూడా ఉండాలి. తన బోర్డు కాదని తెలిస్తే డివైసే ఆ ఫైలుని తిరస్కరించాలి. మనిషి జాగ్రత్త మీదే అంతా వదిలేయకండి.

ఫైలు పక్కన షా-256 విలువ, అంటే ఫైలులో ఉన్నదాని నుంచి లెక్కగట్టే 64 అక్షరాల ముద్ర కూడా ఇవ్వండి. వాట్సాప్‌లో చేతులు మారి వచ్చిన ఫైలు మీరిచ్చినదేనా కాదా అని షాపువాళ్ళు ఒక్క కమాండుతో చూసుకోగలుగుతారు. ఎక్కుతుండగా కరెంటు పోతే ఏమవుతుందో, పాత కాపీ నుంచి లేస్తుందో లేదో, అదీ రాయండి.

ఒక్కోసారి ఇచ్చిన అప్‌డేటే చెడుతుంది. అప్పుడు అదే నంబరు కింద గుట్టుగా ఫైలు మార్చేస్తే, 1.10.0 అని చెప్పే రెండు డివైస్‌లలో రెండు రకాల కోడు ఉంటుంది. ఫోన్లో సాయం అడిగినవాళ్ళకి మీరు కూడా ఏమీ చెప్పలేరు. ఆ నంబరుని జాబితాలో అలాగే ఉంచి, వెనక్కి తీసుకున్నామని, కారణం ఇదని రాసి, 1.10.1 ఇవ్వండి. పాత వెర్షన్లు తీసేయకండి. ఒకవేళ వెనక్కి వెళ్ళనివ్వకుండా లాక్ పెట్టి ఉంటే, ఆ మాట డౌన్‌లోడ్ బటన్‌కి పైనే కనిపించాలి. ఎక్కించాక తెలిస్తే ఏం చేస్తారు?