అటకెక్కిన బేస్ గిటార్‌ను మళ్లీ మోగించడం

సభకు నమస్కారం.

మన విజయవాడ, గుంటూరు ప్రాంతంలో మంద్ర స్వరాలు పలికే ఎలక్ట్రిక్ బేస్ గిటార్ ముఖ్యంగా రెండు చోట్ల బతికింది. ఒకటి చర్చి గాయక బృందం, రెండోది పెళ్లిళ్లకూ శ్రీరామనవమి పందిళ్లకూ వెళ్లే సినిమా పాటల ఆర్కెస్ట్రా. ఎలక్ట్రానిక్ కీబోర్డులు చవకయ్యాక కీబోర్డు వాయించేవారి ఎడమచేయే బేస్ పని కూడా చూసుకోవడం మొదలైంది. బృందానికి ఒక మనిషి ఖర్చూ, వ్యానులో ఒక పెట్టె చోటూ కలిసొచ్చాయి. బేస్ మాత్రం అటకెక్కింది. అలా ఎక్కినవే ఇప్పుడు ఇల్లు మారేటప్పుడో, పాత ఇల్లు పడగొట్టేటప్పుడో కిందికి దిగుతున్నాయి. వాటిలో కొన్ని 1960లు, 70ల నాటి జపాన్ తయారీవి, కొన్ని కలకత్తావి, ఎప్పుడో ఒకటి అమెరికా నుంచి ఎవరి సామాన్లతోనో వచ్చినది. అలాంటి వాద్యం చేతికొచ్చినవారు ఇంటి దగ్గరే, మామూలు పనిముట్లతో దాన్ని వాయించదగిన స్థితికి ఎలా తెచ్చుకోవచ్చో చెప్పమని నన్ను పిలిచారు.

నా పక్షం ముందే చెప్పేస్తాను. వాద్యం మోగాలి, కొత్తదానిలా కనబడనక్కరలేదు. చేసే ప్రతి పనీ రేపు మనకంటే తెలిసినవారు వచ్చి వెనక్కి తీయగలిగేలా ఉండాలి. మురికి తుడవడం, మర బిగించడం, తెగిన తీగ అతకడం ఈ కోవలోకి వస్తాయి. పాత రంగు గీకి కొత్త రంగు వేయడం, చెక్కకు కొత్త గుంటలు తవ్వడం, వేళ్లతో తీగలు నొక్కే పలకను, అంటే ఫ్రెట్‌బోర్డును, ఉప్పు కాగితంతో రుద్దేయడం ఈ కోవలోకి రావు. పాడైన వాద్యాలకంటే బాగుచేసి పాడుచేసిన వాద్యాలే ఎక్కువ చూశానంటే అతిశయోక్తి అనుకోకండి.

పనికి దిగేముందు ఆ వాద్యం నిర్మాణం కొంత తెలిసి ఉండాలి. 1951లో అమెరికాలో లియో ఫెండర్ ప్రెసిషన్ బేస్‌ను మార్కెట్లోకి తెచ్చినప్పుడు దాని ప్రత్యేకత అంతా ఫ్రెట్లలోనే, అంటే నెక్ అనే పొడవాటి మెడ మీద అడ్డంగా ఉండే లోహపు మెట్లలోనే, ఉంది. నిలువెత్తు డబుల్ బేస్‌కు ఫ్రెట్లు ఉండవు కనుక స్వరస్థానాన్ని చెవితో వెతుక్కోవాలి. ఈ కొత్త వాద్యంలో వేలు ఫ్రెట్ వెనుక పడితే చాలు, స్వరం తప్పకుండా పలుకుతుంది. సియాటిల్‌లో పాల్ టుట్‌మార్క్ 1930లలోనే ఇలాంటిది తయారుచేసినా అది పెద్దగా వ్యాపించలేదు. ఫెండర్ తీసుకున్న 34 అంగుళాల తీగ పొడవే తర్వాత చాలా కంపెనీలకు ప్రమాణమైంది. అయితే పాత జపాన్ తయారీ చవక రకాల్లో 30 అంగుళాలవీ చాలా ఉన్నాయి కాబట్టి తీగలు కొనేముందు నట్ (నెక్ పైకొసన తీగలు ఆనే పట్టీ) నుంచి పన్నెండో ఫ్రెట్ దాకా టేపుతో కొలిచి, ఆ కొలతను రెట్టింపు చేసి చూసుకోవడం మంచిది. అన్నిటికంటే లావు తీగ సెకనుకు సుమారు 41 సార్లు కంపిస్తుంది. పొడవు బేస్‌లో నాలుగు తీగలూ శ్రుతిలో ఉన్నప్పుడు అవి కలిసి నెక్‌ను లాగే బలం 70, 80 కిలోల బరువుకు సమానం. ఈ లాగుడుకు మన ఎండలూ మన తేమా తోడైనప్పుడు నెక్ వంగకుండా ఉంటేనే ఆశ్చర్యపడాలి. మే నెలలో 45 డిగ్రీల వడగాలిలో ఎండిన చెక్కే, వానాకాలం రాగానే కృష్ణ ఒడ్డు గాలిలోని తేమను పీల్చుకుని ఉబ్బుతుంది. అటక మీద రేకుల కింద ఈ తేడా ఇంకా ఎక్కువ.

పెట్టె తెరవగానే గుడ్డ పట్టుకుని తుడవడం మొదలుపెట్టకండి. మొదట ఫోటోలు తీయండి: ముందూ వెనుకా, ప్రతి మర, లోపలి వైర్లు, ఏ వైరు ఎక్కడ అతికి ఉందో. నెక్‌ను బాడీకి పట్టి ఉంచే నాలుగు మరలూ తీస్తే నెక్ మడమ (బాడీలో కూర్చునే కొస) మీద పెన్సిల్‌తోనో ముద్రతోనో వేసిన తేదీ కొన్నిటిలో దొరుకుతుంది. వాల్యూమ్ కంట్రోల్ డొక్కు మీద అంకెలు ఉంటే వాటినీ రాసుకోండి. అమెరికా తయారీ కంట్రోళ్ల మీద 1376612 అని ఉందనుకుందాం: 137 తయారీదారు సీటీఎస్ కంపెనీకి గుర్తు, 66 సంవత్సరం, 12 ఆ ఏడాదిలో వారం. అంటే ఆ భాగం 1966 మార్చిలో తయారైంది. వాద్యం అంతకంటే ముందుది కాజాలదు, ఎవరైనా మధ్యలో కంట్రోల్ మార్చి ఉంటే తప్ప. పాత టంకం చెదరకుండా, అదే మెరుపుతో ఉంటే మార్చలేదని చాలావరకు నమ్మవచ్చు.

తర్వాత పుచ్చు చూడాలి. చెదలు పెట్టెను తింటే కంటికి కనబడుతుంది. పుచ్చు పురుగు చెక్కలో గుండుసూది తలంత రంధ్రాలు చేసి లోపల లోపలే తిరుగుతుంది. బాడీని నల్ల కాగితం మీద పెట్టి వేళ్లతో మెల్లగా తట్టండి. మైదాలాంటి మెత్తని పొడి రాలితే, దాన్ని తుడిచేసి కొన్నాళ్లు అదే కాగితం మీద ఉంచండి; మళ్లీ కొత్త పొడి కనబడితే పురుగు బతికే ఉందన్నమాట. అలాంటిదాన్ని ఇంట్లో మిగతా చెక్క సామాన్ల పక్కన ఉంచకూడదు. బూజు మాత్రమే ఉంటే పొడి గుడ్డతో బయట, గాలి తగిలేచోట తుడిస్తే సరిపోతుంది.

ఇప్పుడు నెక్. ఇంటి పనిలో ఎక్కువ ఓపిక కావలసినది ఇదే. నెక్ లోపల పొడవునా ఉండే ఉక్కు కడ్డీని ట్రస్ రాడ్ అంటారు. తీగలు నెక్‌ను ముందుకు వంచుతుంటే అది వెనక్కి లాగి సమతూకం చేస్తుంది. పాత రకాలలో ఆ కడ్డీ ఒకే వైపు పనిచేస్తుంది కనుక, తీగలు లేకుండా ఏళ్లు గడిచి నెక్ వెనక్కి వంగిపోతే దాన్ని వదులు చేయడమొక్కటే మన చేతిలో ఉన్నది. ముందుకు తోయడం దానివల్ల కాదు. అందుచేత కడ్డీని ముట్టుకోకముందే కొత్త తీగలు వేసి, శ్రుతి చేసి, ఒక రాత్రి వదిలేయండి. మరునాడు లావు తీగను మొదటి ఫ్రెట్ మీద ఒక చేత్తో, చివరి ఫ్రెట్ మీద మరో చేత్తో నొక్కిపట్టి, ఏడెనిమిది ఫ్రెట్ల దగ్గర తీగకూ ఫ్రెట్‌కూ మధ్య సందు చూడండి. అది 0.3 నుంచి 0.4 మిల్లీమీటర్లు ఉంటే చాలు. మోటారు సైకిల్ మెకానిక్కుల దగ్గర ఉండే ఫీలర్ గేజ్‌తో కొలవవచ్చు. సందు ఎక్కువైతే బిగించాలి, అయితే ముందు బిగించకూడదు. కడ్డీ కొసన దాన్ని బిగించే నట్టు తుప్పుపట్టి ఉంటే దాని మీద ఒక్క చుక్క పల్చని నూనె వేసి, కాసేపాగి, పావు చుట్టు వదులు చేయండి. అది కదిలితేనే మరలు బాగున్నట్టు. ఆ తర్వాత చుట్టులో ఎనిమిదో వంతు బిగించి, మరునాటిదాకా ఆగి, మళ్లీ కొలవాలి. చేతికి గట్టిగా తగులుతున్నా బలం పెట్టి తిప్పితే కడ్డీ తెగుతుంది, అప్పుడు ఫ్రెట్‌బోర్డు ఊడదీయాలి. ఆ పని ఇంట్లో అయ్యేది కాదు. ఆ నట్టు తిప్పే తాళంచెవి విషయంలోనూ జాగ్రత్త: అమెరికా వాద్యాలకు అంగుళాల కొలత, జపాన్ వాద్యాలకు మిల్లీమీటర్ల కొలత. దగ్గర సైజు కదా అని ఒకదాని తాళంచెవి మరోదానిలో దూరిస్తే నట్టు అంచులు అరిగి నున్నగా అయిపోతాయి.

ఫ్రెట్ల గురించి చెప్పేటప్పుడు నాకు నూజివీడు వీణ గుర్తొస్తుంది. వీణకు మెట్లను మైనంలో నిలబెడతారు. అరిగినా కదిలినా మైనం కరిగించి మేళం మళ్లీ కట్టుకోవచ్చు. గిటార్ ఫ్రెట్‌ను చెక్కలో కోసిన గాడిలోకి సుత్తితో దిగగొడతారు కాబట్టి పీకితే ఫ్రెట్‌బోర్డులో గాడి అంచులు ఎగిరిపోవచ్చు. కాబట్టి పీకే ఆలోచన మానుకుని ఉన్నవాటిని శుభ్రం చేయడం మేలు. ఫ్రెట్ల లోహాన్ని నికెల్ సిల్వర్ అంటారుగాని దానిలో వెండి ఉండదు. రాగి, నికెల్, జింకుల మిశ్రమం. చెమట, తేమ తగిలి పైన కట్టిన పచ్చని పొర ఆ రాగిదే. ఫ్రెట్‌కు ఇరువైపులా చెక్కకు టేపు అంటించి, నాలుగు సున్నాల మెత్తని ఉక్కు పీచుతో రుద్దితే అద్దంలా తేలుతుంది. దానికిముందు, తీగల కదలికను విద్యుత్తుగా మార్చే పికప్‌లను ప్లాస్టిక్ కాగితంతో గాలి చొరకుండా కప్పండి. పీచు నుంచి రాలిన నలుసులు పికప్ అయస్కాంతాలకు అతుక్కుంటే ఇక వదలవు.

ఫ్రెట్‌బోర్డు మీద నల్లటి జిడ్డు పోయాక చెక్క ఎండినట్టు కనబడుతుంది. 1960ల మధ్య నుంచి అమెరికాలో కూడా ఎన్నో గిటార్లకు వాడినది మన దేశపు రోజ్‌వుడ్డే. దానికి కొంచెం మినరల్ ఆయిల్ పట్టించి పది నిమిషాల్లో పూర్తిగా తుడిచేస్తే సరిపోతుంది. కొబ్బరినూనె రాయవద్దు, కొన్నాళ్లకు ముక్కిపోయి వాసన కొడుతుంది, దుమ్ము పడుతుంది. అవిసె నూనె వాడేవారున్నారు. దాని జోలికి పోతే, తుడిచిన గుడ్డను ఉండచుట్టి మూలన పడేయకండి. ఆ నూనె ఆరేటప్పుడు వేడి పుడుతుంది, ఉండగా ఉన్న గుడ్డ తనంతట తానే అంటుకుంటుంది. మన వేసవిలో ఇది పుస్తకాల్లో చదువుకునే భయం కాదు. గుడ్డను బయట ఒంటిపొరగా ఆరేసి, నీళ్లలో తడిపి పారేయాలి.

ఇక విద్యుత్ భాగం. చాలా పాత బేస్‌లు మోగకపోవడానికి కారణం వెతికితే అది యాంప్ (యాంప్లిఫయర్) వైరు గుచ్చే జాక్ దగ్గరే దొరుకుతుంది: వైరు తెగడం, లేదా లోపలి రేకు వదులవడం. తర్వాత అనుమానించవలసినవి వాల్యూమ్, టోన్ కంట్రోళ్లు. లోపలి కార్బన్ దారి మీద దుమ్ము చేరితే తిప్పినప్పుడు గరగరమంటుంది, దానికి కాంటాక్ట్ క్లీనర్ కొంచెం కొట్టి ఇరవై ముప్పై సార్లు అటూ ఇటూ తిప్పితే తొంభై పాళ్లు పోతుంది. పికప్‌ను మల్టీమీటర్‌తో చూడాలి. ఎక్కువ పికప్‌లు 5 నుంచి 12 కిలో ఓమ్‌ల మధ్య చూపిస్తాయి. అంకె కదలకుండా అనంతం చూపిస్తే చుట్టు లోపల ఎక్కడో తెగింది. ఆ రాగి తీగ వెంట్రుకంత సన్నం, దాదాపు 0.06 మిల్లీమీటర్లు, పదివేల చుట్ల దాకా ఉంటుంది. పికప్ కింద పెట్టిన పాత ఫోమ్ ముక్క జిగటగా కరిగి, తేమను తీగకు ఆనించి ఉంచడం వల్ల తుప్పు పట్టడం నేను మళ్లీ మళ్లీ చూసిన సంగతి. ఆ ఫోమ్‌ను తప్పకుండా తీసేయండి. తెగినది పైచుట్టులో అయితే భూతద్దం కింద పెట్టి అతకవచ్చు. లోపల తెగితే మళ్లీ చుట్టించాలి. ఆటోనగర్‌లో మోటారు వైండింగ్ చేసేవారి చేయి అద్భుతమైనదే, కానీ వారి తీగ లావు, యంత్రం వేరు. పికప్‌లు చుట్టేవారిదగ్గరికే పంపండి. బాడీ మీద తీగలు ఆనే బ్రిడ్జి మర, తీగ పట్టే పీటలాంటి చిన్న లోహ భాగం పోయినప్పుడు మాత్రం ఆటోనగర్ లేత్ పనివారి కంటే నమ్మకస్తులు లేరు; నమూనా చూపిస్తే సాయంత్రానికి చేసి ఇస్తారు.

ఇక్కడ ప్రాణాలకు సంబంధించిన మాట ఒకటి. బ్రిడ్జికి లోపలినుంచి వచ్చే ఎర్త్ వైరు వల్ల తీగలు ముట్టుకోగానే యాంప్‌లో హమ్ తగ్గుతుంది. అదే వైరు ద్వారా, యాంప్‌లో లోపం ఉండి ఇంటికి సరైన ఎర్తింగ్ లేకపోతే, కరెంటు కూడా వాయించేవారి చేతికి రాగలదు. మూడు పిన్నుల ప్లగ్గులో పెద్ద పిన్ను విరిచి వాడే అలవాటు ఆర్కెస్ట్రాల్లో చాలాకాలం ఉంది. బేస్ బాగుచేసేముందు ఆ ప్లగ్గు బాగుచేయండి. బేస్‌తోపాటు పాత వాల్వ్ యాంప్ కూడా దొరికితే దాని వెనుక మూత ఇంట్లో తెరవవద్దు. ప్లగ్గు తీసేశాక కూడా లోపలి కెపాసిటర్లలో వందల వోల్టులు నిలిచి ఉంటాయి.

రంగు సంగతి త్వరగా ముగిస్తాను. పైపూత నైట్రోసెల్యులోజ్ అయితే థిన్నర్ తగలగానే కరుగుతుంది, రబ్బరు స్టాండుకు ఆనించి ఉంచినా మచ్చ పడుతుంది. కొంచెం తడిపిన మెత్తని గుడ్డతో తుడిచి, వెంటనే పొడి గుడ్డ వేయడం తప్ప మరేమీ అక్కరలేదు. పెచ్చులు ఊడినచోట లప్పం పెట్టి రంగు వేస్తామంటారు పెయింటర్లు, వద్దనండి. నెక్ మరల రంధ్రాలు వదులైతే మాత్రం పూడ్చాల్సిందే. కొండపల్లి బొమ్మలవారు చింతగింజల పిండీ రంపపు పొట్టూ కలిపిన మక్కుతో బొమ్మల చేతులూ కాళ్లూ అందంగా అతుకుతారు, కానీ ఇక్కడ పడే లాగుడుకు అది ఆగదు. అగ్గిపుల్లలూ ఆగవు. గట్టి చెక్కతో సన్నని పుల్ల చేసి, వడ్రంగి జిగురుతో దిగ్గొట్టి, పూర్తిగా ఆరాక సన్నని బెజ్జం వేసి మర ఎక్కించాలి.

చివరిది శ్రుతి సరిచేయడం. ప్రతి తీగనూ పన్నెండో ఫ్రెట్ మీద వేలు తేలికగా తాకించి మోగించి, తర్వాత అక్కడే నొక్కి మోగించి రెండూ ట్యూనర్‌లో పోల్చండి. నొక్కినది ఎక్కువ పలికితే బ్రిడ్జి మీద ఆ తీగ ఆనే పీటను వెనక్కి జరపాలి, తక్కువ పలికితే ముందుకు. ఇది నెక్ సర్దుబాటు పూర్తయ్యాకే చేయాలి. ముందు చేస్తే రెండుసార్లు చేసినట్టే. తీసేసిన పాత కంట్రోల్, పాత మరలు, తెగిన పికప్, తీగలు బిగించే పాత కీలు ఏవీ పారేయకుండా ఒక సంచిలో వేసి, వాద్యం పేరూ తేదీ రాసి పెట్టెలోనే ఉంచండి.

వాయించనప్పుడు తీగలు వదులు చేయాలా అని తరచుగా అడుగుతుంటారు. వారానికోసారైనా వాయించే వాద్యానికి అక్కరలేదు. నెలల తరబడి ఊళ్లో లేకపోతే ఒక స్వరం కిందికి దించి, పెట్టెలో రెండు సిలికా జెల్ పొట్లాలు వేసి, పెట్టెను బయటి గోడకు కాక లోపలి గోడకు ఆనించి నిలబెట్టండి. మళ్లీ అటక మీదికి మాత్రం ఎక్కించకండి.