ప్రాణహిత ఒడ్డు నుంచి మోయి నది దాకా: దూరపు రోగికి మన పైసలు చేరేదెట్లా?

[దృశ్యం: తెల్లవారుజాము, సిరొంచ బస్టాండు. ఎక్స్‌రే కవరు ఒళ్లో పెట్టుకుని కూర్చున్న తల్లి.]

నమస్తే అండి. మహారాష్ట్రలో ప్రాణహిత ఒడ్డునున్న సిరొంచ నుంచి మాట్లాడుతున్నా. మా దగ్గర జబ్బు ముదిరిందంటే అందరి చూపూ వంతెన వైపే. జిల్లా కేంద్రం గడ్చిరోలి సుమారు 200 కిలోమీటర్లు, అంతా అడవి దారి. గోదావరి దాటితే తెలంగాణ, మన భాష, వరంగల్ పెద్ద దవాఖాన. కానీ మా చేతిలో ఉన్నది మహారాష్ట్ర రేషన్ కార్డు, దానికి తెలంగాణ ఆరోగ్యశ్రీ వర్తించదు. మహారాష్ట్ర పథకం వాడుకుందామంటే చాలాసార్లు నాగపూర్ దాకా పోవాలి. నొప్పికి హద్దు తెలియదు గానీ కార్డుకు తెలుసు.

అందుకే వేరే దేశంలో రోగికి మనం ఎందుకు పైసలివ్వాలి అని ఎవరైనా అడిగితే నాకు ముందు మా బస్సే గుర్తొస్తుంది.

[దృశ్యం: కదులుతున్న బస్సు లోపల, చేతులు మారుతున్న ఒక ఫైలు.]

అట్లాంటి బస్సే కోస్టారికాలో ఒకటి. ఒక తల్లి ఎక్కి కొడుకు ఆపరేషన్‌కు సాయం అడిగింది. అడిగి ఊరుకోలేదు, పిల్లాడి వైద్యం కాగితాలు తీసి అందరికీ చూపించింది. జనం జేబుల్లో చేతులు పెట్టారు. ఆ బస్సులో చేజ్ ఆడమ్ అనే అమెరికా కుర్రాడున్నాడు. బస్సు అప్పుడు పోతున్న ఊరి పేరు వాట్సీ. అదే పేరుతో 2012లో అతనూ అతని తోటివాళ్లూ ఒక సంస్థ పెట్టారు. రోగి ఎవరు, జబ్బేమిటి, ఖర్చెంత అనేది వెబ్‌సైటులో పెడతారు. మనం ఐదు డాలర్లిచ్చినా ఆ రోగి వైద్యానికే. ఆఫీసు ఖర్చులకు వేరే దాతలను వెతుక్కున్నారు, ఏ దవాఖానకు ఎంత పంపారో లెక్క అందరికీ కనబడేలా పెట్టారు. ఆ తల్లి ఫైలు చూపించినట్టే అన్నమాట.

[దృశ్యం: మ్యాపు. బర్మా, థాయిలాండ్ మధ్య మోయి నది.]

అట్లా సాయం అందుకున్నవాళ్లలో బర్మా (ఇప్పటి మయన్మార్) నుంచి థాయిలాండ్‌లోకి వచ్చే రోగులున్నారు. మాకు ప్రాణహిత, గోదావరి ఎట్లాగో వాళ్లకు మోయి నది అట్లా. థాయిలాండ్ వైపు మే సోట్ పట్టణం. 1988లో బర్మాలో ఉద్యమాన్ని అణిచేశాక డాక్టర్ సింథియా మౌంగ్ సరిహద్దు దాటి వచ్చి, మరుసటేడు అక్కడ చిన్న క్లినిక్ తెరిచారు. మొదట్లో అన్నం వండుకునే కుక్కర్‌లోనే పరికరాలు ఉడకబెట్టేవారట. 2002లో ఆమెకు మాగ్సేసే అవార్డు వచ్చింది. మా జిల్లాలో హేమల్కస కథా ఇట్లాంటిదే. 1973లో బాబా ఆమ్టే మొదలుపెట్టిన ఆ ప్రాజెక్టులో ప్రకాశ్, మందాకినీ ఆమ్టే దంపతులు కరెంటు లేని అడవిలో మాడియా గోండులకు ఉచితంగా వైద్యం చేశారు. వాళ్లకు 2008లో అదే అవార్డు. హేమల్కసకు పైసలు పంపినవాళ్లలో ఎంతమంది ఆ ఊరున్న భామ్రాగఢ్ అడవిని చూసి ఉంటారు చెప్పండి? చూడకపోయినా ఇచ్చారు. ఆ రుణం మా మీద ఉందని నేను నమ్ముతాను.

ఇక ఇచ్చేముందు చూసుకోవాల్సింది. ఇక్కడ కాసేపు ఆగుతాను.

[దృశ్యం: పసిపిల్లాడి పాదాలకు పిండికట్టు.]

పుట్టుకతో పాదం లోపలికి వంకర తిరిగిన పిల్లల్ని చూసే ఉంటారు. దీనికి చాలావరకు పెద్ద ఆపరేషన్ అక్కర్లేదు. పోన్సెటీ పద్ధతిలో వారం వారం పిండికట్టు మారుస్తూ పాదాన్ని కొంచెం కొంచెంగా తిప్పుతారు. సాధారణంగా ఐదారు కట్లు. చాలామందికి చివర్లో మడమ వెనక స్నాయువుకు (పిక్క కండరాన్ని మడమకు కలిపే పట్టీకి) చిన్న కోత. ఆ తర్వాత కడ్డీకి బిగించిన బూట్లు, మొదటి మూడు నెలలు దాదాపు రోజంతా, ఆపైన నాలుగైదేళ్ల వయసు దాకా రాత్రిళ్లు తొడగాలి. అవి మానేస్తే పాదం మళ్లీ తిరిగే ప్రమాదం ఎక్కువ. ఇప్పుడు లెక్క వేయండి. కట్టు ఉచితమే అయినా వారం వారం బస్సు చార్జీ ఎవరిస్తారు? కూలి పోయిన రోజుకు ఇంట్లో బియ్యం ఎట్లా? అందుకే నేను ఏ సంస్థనైనా అడిగే మొదటి ప్రశ్న: రోగి రానుపోను ఖర్చు, తిండి మీ లెక్కలో ఉందా? అది లేకపోతే వైద్యం మధ్యలో తెగిపోతుంది.

రెండో ప్రశ్న: తర్వాత ఏమైందో చెబుతారా? బాగైతేనే కాదు, బాగుకాకపోయినా. ఒకసారి ఫోన్లో వచ్చిన పోస్టు చూసి తొందరపడి పైసలు పంపాను. ఆ పాప ఏమైందో నాకు ఈరోజుకీ తెలియదు. అప్పుడప్పుడు నిద్రలో కూడా గుర్తొస్తుంది.

ఫొటో సంగతి కూడా. రోగి సరేనన్నాకే పెట్టారా, చూడండి. ఏడుపు మొహం చూపించి అడిగేవాళ్ల కన్నా కాగితం చూపించి అడిగేవాళ్లను నేను ఎక్కువ నమ్ముతాను.

పైసలు పంపే పద్ధతి క్లుప్తంగా. రిజర్వ్ బ్యాంకు నియమాల ప్రకారం మనం ఏడాదికి 2.5 లక్షల డాలర్ల దాకా విదేశాలకు పంపుకోవచ్చు, అందులో విరాళాలూ వస్తాయి. పాన్ కార్డు కావాలి. చిన్న మొత్తమైతే బ్యాంకు చార్జీలే ఎక్కువ తినేస్తాయి, ముందే అడగండి. విదేశీ సంస్థకు నేరుగా ఇస్తే విరాళం మీద పన్ను మినహాయింపు రాదు. మన దేశంలో అనుమతి ఉన్న సంస్థకిస్తే పాత పన్ను విధానంలో వస్తుంది, అదీ 2,000 రూపాయలకు మించి నగదు ఇవ్వకుంటేనే.

[దృశ్యం: ఇంటి అరుగు, సాయంత్రం.]

మా బాపు అడిగాడు: "మన ఊర్లో లేరారా బిడ్డా, గంత దూరం పంపుడెందుకు?" ఉన్నారు బాపూ. మా వాడకట్టులో ఒక పిల్లగాడికి నాలుగో కట్టు పడింది, బస్సు చార్జీ మేమే చూసుకుంటున్నాం. మిగిలిన దాంట్లోంచి కొంత మోయి నది అవతలివాళ్లకు. బాపు కాసేపు ఏమీ అనలేదు. తర్వాత లోపలికి పోయి తన పింఛను లోంచి వంద తెచ్చి నా చేతిలో పెట్టి, "ఏ ఒడ్డుకు తక్కువ పడితే ఆ ఒడ్డుకు పంపు" అన్నాడు.