పేరు పెట్టని బొమ్మలు

అందరికీ నమస్కారం. ఆదివారం మధ్యాహ్నం ఇంట్లో హాయిగా కునుకు తీయకుండా, దయ్యాల బొమ్మల గురించి వినడానికి లైబ్రరీ దాకా వచ్చినందుకు ముందుగా థాంక్స్.

దయ్యాల బొమ్మలు అన్న మాట నాది కాదు, మా అమ్మది. ఒక రాత్రి నేను ఫోన్‌లో ఒక పోలండ్ చిత్రకారుడి బొమ్మలు చూస్తుంటే వెనక నుంచి తొంగిచూసి, "పడుకునే ముందు ఆ దయ్యాల బొమ్మలేంట్రా, పీడకలలు రావూ?" అంది. సరేనమ్మా అని ఫోన్ పక్కన పెట్టేశాను. కానీ చిన్నప్పుడు నన్ను పక్కలో పడుకోబెట్టుకుని చందమామ చదివి వినిపించింది కూడా ఆవిడే. చేతిలో కత్తి, భుజాన శవం, శ్మశానంలో నడిచే రాజు. శంకర్ గారు వేసిన ఆ బేతాళ కథల బొమ్మ చూస్తూనే మా తరం అన్నాలు తింది. అప్పుడు ఎవరికీ ఏ పీడకలా రాలేదు.

నాట్యశాస్త్రం చెప్పే రసాలు ఎనిమిది. అందులో మూడు భయానకం, బీభత్సం, అద్భుతం. శృంగారానికి ఎంత పీట వేశారో, ఒళ్ళు జలదరించడానికీ అంతే పీట వేశారు. కాబట్టి ఈ బొమ్మలు చూడటం పాడు అలవాటేమీ కాదని మా అమ్మకు చెప్పాలి. ఇంకా ధైర్యం చాల్లేదు.

ఆ పోలండ్ ఆయన పేరు జ్జీస్వాఫ్ బెక్షిన్స్కీ. నోరు తిరగడానికి నాకు వారం పట్టింది. 1929లో సనోక్ అనే చిన్న ఊళ్ళో పుట్టాడు. ఆయనకు పదేళ్ళప్పుడు రెండో ప్రపంచ యుద్ధం వచ్చింది. ఊరి పక్కన పారే సాన్ నదే హద్దయింది, ఇటు జర్మన్లు, అటు సోవియట్లు. ఆ ఊళ్ళో తరతరాలుగా ఉన్న యూదులను తుడిచిపెట్టేశారు. ఆయన తర్వాత క్రాకవ్‌లో ఆర్కిటెక్చర్ చదివాడు, కట్టడాల దగ్గర సూపర్‌వైజర్‌గా చేశాడు, ఆ పనంటే ఒళ్ళు మంట. సొంతూరు తిరిగొచ్చాక అక్కడి బస్సుల ఫ్యాక్టరీకి బస్సు బాడీలు కూడా డిజైన్ చేశాడు. నాకు ఈ బస్సుల సంగతి భలే ఇష్టం. ఆర్ట్ స్కూలు మెట్లెక్కని మనిషి హార్డ్‌బోర్డ్ మీద ఆయిల్ రంగులతో, గట్టిగా శాస్త్రీయ సంగీతం పెట్టుకుని, బొమ్మలు వేయడం మొదలెట్టాడు.

ఏం బొమ్మలు! తలకు గుడ్డ చుట్టుకుని, సాలీడులా నాలుగు కాళ్ళ మీద పాకుతున్న ఒక శరీరం, వెనక తగలబడుతున్న ఊరు. ఇంకోదాంట్లో ఎముకలూ నరాలూ మాత్రమే మిగిలిన ఇద్దరు ఒకరినొకరు వాటేసుకుని కూర్చుంటారు. ఎవరి చెయ్యి ఎక్కడ మొదలై ఎక్కడ ఆగిందో తెలియదు. మొదటిసారి చూసినప్పుడు అబ్బా అనిపించింది. నాలుగోసారి చూసినప్పుడు, నేను చూసిన ప్రేమ చిత్రాల్లో ఇంత గట్టి కౌగిలి ఇంకోటి లేదే అనిపించింది.

ఇంటర్నెట్‌లో ఈయన గురించి వెతికితే ముందుగా వచ్చేది బొమ్మలు కాదు, శాపం కథ. 1998లో భార్య పోయింది. మరుసటి ఏడు క్రిస్మస్ ముందు రోజు కొడుకు ప్రాణం తీసుకున్నాడు. 2005 ఫిబ్రవరిలో ఈయన్నే, ఇంట్లో పనులు చూసే మనిషి కొడుకు పొడిచి చంపాడు. అడిగిన కాస్త డబ్బు అప్పివ్వనన్నందుకు. ఇవన్నీ నిజాలే. వాటిని గుదిగుచ్చి, బొమ్మలు వేసినందుకే ఇలా అయిందని గంభీరమైన మ్యూజిక్ పెట్టి వీడియోలు చేస్తారు చూడండి, అవంటే నాకు మహా చిరాకు. ఎరిగినవాళ్ళు చెప్పేదాన్ని బట్టి ఆయన సరదాగా కబుర్లు చెప్పే మనిషి, కాస్త బిడియస్తుడు. తన బొమ్మల్లో కొన్ని నవ్వు తెప్పించేవేనని ఆయన అభిప్రాయం.

యుద్ధం చూశాడు కాబట్టి యుద్ధాన్నే వేశాడని ఇంకో వివరణ. అందులో కొంత నిజం ఉందనే నా అనుమానం. ఆయన మాత్రం ఒప్పుకునేవాడు కాదు. దేనికీ అర్థం చెప్పలేదు, ఒక్క బొమ్మకూ పేరు పెట్టలేదు. 1977లో వార్సాకు మకాం మారుస్తూ, కొన్నింటిని పెరట్లో పెట్టి కాల్చేశాడు. ఫోటోలు కూడా మిగల్చలేదు.

పేరు పెట్టకపోతే ఏమవుతుంది? దానికి స్పెయిన్ చిత్రకారుడు గోయా దగ్గరికి వెళ్ళాలి.

1819లో గోయా మాడ్రిడ్ బయట ఒక ఇల్లు కొన్నాడు. దాన్ని చెవిటివాడి ఇల్లు అనేవారు. అంతకుముందు ఉన్నాయనకు చెవుడట. గోయాకూ అప్పటికి పాతికేళ్ళుగా చెవుడే. డెబ్బై దాటిన ఆ ముసలాయన నాలుగేళ్ళలో ఆ ఇంటి గోడల మీద, ఎవరూ అడక్కుండా, ఎవరికీ అమ్మకుండా, పద్నాలుగు చిత్రాలు వేశాడు. తర్వాత ఫ్రాన్స్ వెళ్ళిపోయి 1828లో అక్కడే పోయాడు. గోడల మీది చిత్రాలను 1874 నుంచి కాన్వాస్ మీదికి ఎక్కించారు. ఆ పనిలో కొంత దెబ్బతిన్నాయి కూడా. ఇప్పుడు మాడ్రిడ్‌లోని ప్రాడో మ్యూజియంలో ఉన్నాయి.

వీటిలో ఒకటి మీలో చాలామంది చూసే ఉంటారు. కొడుకును తింటున్న శని. మన శనీశ్వరుడు కాదు, రోమన్ల సాటర్న్. పుట్టే బిడ్డల్లో ఒకడు తనను గద్దె దింపుతాడని తెలిసి, పుట్టినవాణ్ణి పుట్టినట్టే మింగేసినవాడు. మన కంసుడికి అన్న అనుకోండి. కానీ గోయా ఆ పేరు పెట్టలేదు, తర్వాతివాళ్ళు పెట్టారు. పేరు పక్కన పెట్టి చూడండి. అతని చేతుల్లో ఉన్నది పసిబిడ్డ కాదు, ఎదిగిన శరీరం. తల అప్పటికే లేదు. మింగడం లేదు, కొరుకుతున్నాడు. ఆ కళ్ళు చూడండి, అవి కోపంతో లేవు. చేస్తున్న పనికి తనే బెదిరిపోయిన కళ్ళవి. పేరు చదివామా, "ఓహో, పురాణమా" అని మనసు స్థిమితపడి పక్క బొమ్మకు వెళ్ళిపోతుంది. నేనూ ఏళ్ళ తరబడి అలాగే వెళ్ళిపోయాను.

అలాగని అన్నిటికీ కథ అక్కర్లేదని కాదు. జపాన్‌లో కునియోషి అనే చిత్రకారుడు 1840లలో వేసిన పెద్ద అస్థిపంజరం ఉంది, మూడు కాగితాల మీద పరుచుకున్న అచ్చు బొమ్మ. మూలకథలో వందల అస్థిపంజరాలు వస్తాయి. ఈయన వాటన్నిటినీ ఒక్కటి చేసి తెర చించుకుని వంగేలా పెట్టాడు. కథ తెలిస్తేనే ఆ తెలివి కనిపిస్తుంది.

మరీ భయపడేవాళ్ళు రెమెదియోస్ వారో అనే చిత్రకారిణితో మొదలుపెట్టండి. స్పెయిన్‌లో పుట్టి, 1941లో మెక్సికో చేరింది. నాన్న ఇంజనీరు, చిన్నప్పుడు ఆయన ప్లాన్లకు నకళ్ళు తీస్తూ గీత నేర్చుకుంది. 1957 నాటి ఒక చిత్రంలో గుడ్లగూబ ముఖమున్న ఆవిడ కూర్చుని పిట్టలను గీస్తుంటుంది. నక్షత్రం వెలుగు గాజు పలక గుండా కాగితం మీద పడగానే గీసిన పిట్ట కిటికీలోంచి ఎగిరిపోతుంది. ఆ పరికరాలన్నీ నిజంగా పనిచేస్తాయేమో అన్నంత వివరంగా ఉంటాయి.

ఒక చిన్న జాగ్రత్త. బెక్షిన్స్కీ పేరుతో తిరిగే బొమ్మల్లో ఇప్పుడు ఏఐ చేసినవి బోలెడు. ఆయన అసలు చిత్రాలు ఎక్కువగా సనోక్ కోటలోని మ్యూజియంలో ఉన్నాయి, అక్కడివాటితో పోల్చుకోండి. గోయాకు ప్రాడో వెబ్‌సైట్ ఉంది, పెద్ద సైజులో చూడొచ్చు.

ప్రొజెక్టర్‌లో ఇంకో పన్నెండు బొమ్మలున్నాయి. ఒక్కోటి రెండు నిమిషాలు ఉంచుతాను. ఎవరివో, ఏ ఏటివో అయ్యాక చెప్తాను, అప్పటిదాకా ఫోన్లో వెతక్కండి. బాబూ, వెనక ఆ లైటు కాస్త ఆపు.